1000 హెర్ట్జ్ దాటాక డార్క్ ఫోటాన్ సంకేతం బలహీనపడుతోంది: ఖండం నిడివి ఎంత ఉండాలి?

గురుత్వ తరంగాలను పసిగట్టే లైగో మూడో పరిశీలన దశ (2019–2020) బహిరంగ డేటాలో, హాన్‌ఫర్డ్, లివింగ్‌స్టన్ డిటెక్టర్ల సంకేతాలను క్రాస్ కోరిలేషన్ చేసి (రెండింటిలో ఉమ్మడిగా ఉన్నదాన్ని పోల్చి), కృష్ణ పదార్థం కావచ్చని ఊహిస్తున్న డార్క్ ఫోటాన్ కణాల కోసం వెతుకుతున్నాను. డేటాను 1800 సెకన్ల ఖండాలుగా విడగొట్టి, వాటి అంచులను మెల్లగా సున్నాకు తగ్గించే హాన్ విండో వాడి, విద్యుత్ సరఫరా వల్ల వర్ణపటంలో వచ్చే 60 హెర్ట్జ్ రేఖలను, వాటి గుణిజాలను తొలగించాను. డేటాలో కలిపిన కృత్రిమ సంకేతం 200 హెర్ట్జ్ వద్ద ఆశించిన బలంతోనే దొరుకుతోంది, కానీ 1000 హెర్ట్జ్ దాటాక సగానికి పడిపోతోంది.

గెలాక్సీలో ఆ కణాల వేగాల తేడా వల్ల పౌనఃపున్యం సుమారు పది లక్షలలో ఒక వంతు విస్తరిస్తుంది కనుక, 1000 హెర్ట్జ్ వద్ద దాదాపు 1 మిల్లీహెర్ట్జ్ వెడల్పున్న సంకేతం, 1800 సెకన్ల ఖండం ఇచ్చే 0.56 మిల్లీహెర్ట్జ్ బిన్‌లో (పౌనఃపున్య గడిలో) ఇమడదు. ఖండాలను 600 సెకన్లకు తగ్గించి చూస్తే, అద్దాలను వేలాడదీసిన సిలికా పోగుల కంపన రేఖలు పక్క బిన్‌లలోకి పొర్లి నేపథ్యాన్ని పెంచేశాయి.

1000 హెర్ట్జ్ పైన 1800 సెకన్లే ఉంచి పక్కపక్క బిన్‌లను కలపడం మేలా, లేక పౌనఃపున్యాన్ని బట్టి ఖండం నిడివిని మార్చడం మేలా?