కిలో అరటికాయల ప్రయాణానికి పొగ ఎంత?

ప్రశ్న: రావులపాలెం మార్కెట్టులో లారీకెక్కి దూరప్రాంతాలకు పోయే కర్పూర రకం అరటి గెలల విషయంలో, కిలోకు ఎంత కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుందో ఎవరైనా లెక్క చెప్పగలరా?

జవాబు: లీటరు డీజిలు మండితే సుమారు 2.7 కిలోలు వెలువడుతుంది. 10 టన్నుల సరుకుతో, లీటరుకు 4 కిలోమీటర్ల చొప్పున నడిచే లారీ 400 కిలోమీటర్లు పోతే 100 లీటర్లు, అంటే కిలో కాయకు 27 గ్రాములు. ఖాళీగా తిరిగివస్తే ఆ పొగ కూడా మన గెల ఖాతాలోనే పడుతుంది.

మరో జవాబు: గెలల మధ్య ఎండుటాకు సరిగా వేయక, ఒరుసుకుని నల్లబడిన అత్తాలను (గెలలోని కాయల గుత్తులను) పారబోస్తే, వాటిని మోసిన డీజిలంతా వృథాయే, గుట్టగా కుళ్లితే భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు అదనం. నా మటుకు పొదుపు మొదలుకావలసింది అక్కడే.

అడిగినవారు: కృతజ్ఞతలండీ. మరి రైలు సంగతేమిటి?

జవాబు: టన్ను సరుకుకు, కిలోమీటరుకు చూస్తే రైలు పొగ లారీకన్నా చాలా తక్కువే గాని, తోట నుంచి స్టేషను దాకా మళ్లీ వ్యానే కావాలి, ఎక్కించి దించిన ప్రతిసారీ కాయ నలుగుతుంది.