పెద్దయ్యాక మెల్లకన్నుకు ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు ఉంటే చెప్పండి

నా వయసు 34. చిన్నప్పటి నుంచి ఎడమ కన్ను లోపలికి తిరిగి ఉంటుంది. ఆరేళ్లప్పుడు, ఎడమ కన్ను పనిచేయాలని బాగున్న కుడి కంటిని మూస్తూ ప్యాచ్ వేశారు. నేను ఏడ్చి పీకేసేవాణ్ణి, కొన్నాళ్లకు ఇంట్లోవాళ్లూ వదిలేశారు. ఇప్పుడు అద్దాలు పెట్టుకున్నా ఎడమ కంటికి పెద్ద అక్షరాలే కనిపిస్తాయి. దూరం సరిగ్గా అంచనాకు రాదు, మెట్లు దిగేటప్పుడు తడబడతాను. అలసిపోతే కన్ను ఇంకా తిరిగిపోతుంది. అన్నిటికన్నా బాధ ఏమిటంటే, నేను మాట్లాడుతుంటే ఎదుటివాళ్లు "నాతోనేనా?" అని వెనక్కి చూడటం.

ఈమధ్య కంటి డాక్టర్‌కు చూపించుకున్నాను. కంటి కండరాలను సరిచేసే ఆపరేషన్ పెద్దవాళ్లకూ చేస్తారట. కన్ను తిన్నగా అవుతుంది గానీ, మందగించిన చూపు దానివల్ల పెరగదన్నారు. ఇన్నేళ్లూ మెదడు ఎడమ కంటి నుంచి వచ్చే బొమ్మను పట్టించుకోలేదు కాబట్టి, ఆపరేషన్ తర్వాత ఒకటి రెండుగా కనిపించే అవకాశం కూడా ఉందట. ముందుగా ప్రిజం అద్దాలు (కనిపించే బొమ్మను పక్కకు జరిపే అద్దాలు) పెట్టి చూస్తే ఆ సంగతి కొంత తెలుస్తుందన్నారు. నాకు టెన్షన్ అంతా అదే. ఉన్న ఒక్క మంచి కంటి చూపుకు ఇబ్బంది వస్తే నా పని ఎలా సాగుతుంది?

చేయించుకున్నవాళ్లు దయచేసి చెప్పండి. రెండుగా కనిపించడం ఎన్నాళ్లు ఉంది? కన్ను మళ్లీ పక్కకు తిరిగిందా? ఈ వయసులో ప్యాచ్‌తోనో, విజన్ థెరపీతోనో (చూపు కోసం చేయించే కంటి వ్యాయామాలు) ఎడమ కంటి చూపు కొంచెమైనా మెరుగైనవాళ్లు ఉన్నారా? వచ్చే వారం మళ్లీ డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాను, తప్పకుండా అడగాల్సినవి ఉంటే అవి కూడా రాయండి.