స్టాన్లీ పారబుల్: ముగింపులన్నీ ముందే రాసిపెట్టి ఉంటే మనం ఎంచుకునేదేంటి?

కుడి_తలుపు:
స్పాయిలర్లు ఉన్నాయి. ఆడనివాళ్లు ముందు ఆడేసి రండి.

డేవీ వ్రెడెన్ 2011లో హాఫ్-లైఫ్ 2 గేమ్‌కి మాడ్‌గా (ఉన్న గేమ్‌ను మార్చి చేసేది) చేసి, 2013లో విలియం ప్యూతో కలిసి విడి గేమ్‌గా తెచ్చిన ది స్టాన్లీ పారబుల్ గురించి ఈ చర్చ. 427వ నంబరు ఉద్యోగి స్టాన్లీ, మనుషులు మాయమైన ఆఫీసు, పైనుంచి కథ చెప్పే కెవన్ బ్రైటింగ్ గొంతు. రెండు తలుపుల దగ్గర, స్టాన్లీ ఎడమ తలుపులోకి వెళ్లాడని వ్యాఖ్యాత చెప్పేస్తాడు. మనం కుడివైపు వెళ్తాం. మొదటిసారి భలే ఉంటుంది, కాదనను. కానీ కుడివైపు మాటలు కూడా ముందే రికార్డు చేసినవేగా? మనం ఎదిరించడం కూడా వాళ్ల స్క్రిప్టులో ఉన్నదే.

ఉద్యోగుల మనసుల్ని అదుపుచేసే యంత్రం ఉన్న మైండ్ కంట్రోల్ గదిలో ఆఫ్ బదులు ఆన్ నొక్కి చూడండి. టైమర్ మొదలవుతుంది. గదినిండా బటన్లు, నొక్కితే వెలుగుతాయి, ఒక్కటీ పనిచేయదు. ఛాయిస్ పేరుతో ఆటగాడిని ఆడించడమే ఇది. జోకులు పక్కన పెడితే మిగిలేది నడకేనని నా వాదన.

చీపురు_గది:
ఆ బటన్ల గదే నాకు ఈ గేమ్‌లో అన్నిటికన్నా బలమైన చోటు. టైమరూ బటన్లూ కనిపిస్తే ఎక్కడో ఒక పరిష్కారం ఉండి తీరుతుందని మిగతా గేమ్‌లు మనకు నేర్పి పెట్టాయి. వ్యాఖ్యాత సరిగ్గా ఆ అలవాటునే పట్టుకుంటాడు. మనం పరిగెడుతుంటే, ఇక్కడ పరిష్కారం ఉందని నీకెవరు చెప్పారని అడుగుతాడు. పైగా టైమర్‌కి కాసేపు అదనంగా కలుపుతాడు. యూట్యూబ్‌లో చూస్తే ఇది సగమే అందుతుంది, మన చేతులు నిజంగా బటన్లు వెతుకుతున్నప్పుడే ఆ మాట తగులుతుంది.

ఇక చీపురు గది. దారిలో చిన్న స్టోరు గది, లోపల చేయడానికి ఏమీ లేదు. వెళ్లి ఊరికే నిలబడండి. ఇక్కడేమీ లేదంటాడు, విసుక్కుంటాడు, చివరికి ఆడుతున్న మనిషి చచ్చిపోయాడేమోనని అనుమానం వచ్చి వేరేవాళ్లను కంప్యూటర్ దగ్గరికి రమ్మంటాడు. మామూలు ఆర్పీజీలో (పాత్రను మనమే మలిచి ఆడే గేమ్) విలన్ని వదిలేశామా చంపామా అన్నది గుర్తుంటుంది. ఖాళీ గదిలో ఊరికే నిలబడ్డామన్నది ఎవరికీ పట్టదు. ఇక్కడ పట్టించుకునేవాడు ఒకడున్నాడు. నా లెక్కలో ఈ తరహా గేమ్‌ల ఆకర్షణ అదే. ఫలితం ఎంత పెద్దదన్న కొలతతో చూస్తే ఇది దొరకదు.

ట్రిగర్_బాక్స్:
ఇద్దరూ రాతవైపు నుంచే చూస్తున్నారు. గేమ్ కట్టేవైపు నుంచి రెండు మాటలు.

పది చోట్ల రెండేసి దారులు పెట్టి అన్నీ విడివిడిగా సాగనిస్తే 1,024 ముగింపులు రాయాలి. ఎవరి వల్లా కాదు. అందుకే మన వెనక తలుపులు మూసుకుంటాయి, ఏదో ఒక కొసకు చేరగానే ఆట మళ్లీ 427 గదికి వస్తుంది. ఒక్కో రన్ చిన్నది. 4 నిమిషాల 22 సెకన్లలోపు పూర్తిచేస్తే వచ్చే అచీవ్‌మెంట్ కూడా ఉంది.

అసలు కష్టం టైమింగ్‌లో. ఆటగాడు సెకనుకు 3 మీటర్లు నడుస్తాడనుకుంటే, 12 సెకన్ల డైలాగ్ పూర్తవడానికి 36 మీటర్ల కారిడార్ కావాలి. ఆఫీసులో అంత పొడవు పెడితే బోరు. పెట్టకపోతే గొంతు ఇంకా పాత గది గురించి చెబుతుండగానే మనిషి తర్వాతి తలుపు దాటేస్తాడు. దారిలో మలుపులు పెట్టాలి, లేదా తలుపు రెండు సెకన్లు ఆలస్యంగా తెరవాలి, లేదా మాటే కుదించాలి. ట్రిగర్‌ను, అంటే ఆటగాడు దాటగానే డైలాగ్ మొదలుపెట్టే కనబడని హద్దును, కారిడార్ పూర్తి వెడల్పుకు పెట్టకపోతే గోడవారగా వెళ్లేవాడు దాన్ని తప్పించుకుంటాడు, జోకు అసలు వినబడదు.

మధ్యలో వెనక్కి తిరిగితే ఇంకో చిక్కు. డైలాగ్‌ను పదం మధ్యలో కోస్తే బగ్ అనిపిస్తుంది, పూర్తిగా సాగనిస్తే సందర్భం పోతుంది. మాటలను రెండు మూడు సెకన్ల ముక్కలుగా రికార్డు చేసి, ప్రతి ముక్క తర్వాత ఆటగాడు ఎక్కడున్నాడో చూసుకోవాలి. ప్రతి ట్రిగర్‌కూ ఒక కౌంటర్ కూడా ఉండాలి, ఒకే జోకు రెండోసారి అలాగే వినిపిస్తే అక్కడితో సరి. చీపురు గదికి మళ్లీ మళ్లీ వెళ్తే చివరికి తలుపుకు చెక్కలు కొట్టేసి ఉంటాయి చూడండి. మాటలు అయిపోయాక గది మూసేశారు, అదీ ఒక జోకే అయింది. ఎంత చక్కటి పనితనం!

కుడి_తలుపు:
చెక్కల సంగతి నేనలా ఆలోచించలేదు, బాగుంది. అయినా ఒకటి అడుగుతాను. ఫైర్‌వాచ్ (2016) కూడా నడక గేమే, నవ్వూ ఉంది. వాకీటాకీలో మాట్లాడే పై అధికారి డెలైలాకు జవాబివ్వడానికి టైమ్ ఉంటుంది, మాట్లాడకపోతే ఆ మౌనమే జవాబవుతుంది. ముగింపు పెద్దగా మారకపోయినా ఒక బంధం ఏర్పడుతుంది. స్టాన్లీలో రీస్టార్ట్ కాగానే అంతా తుడిచిపెట్టుకుపోతుంది కదా?

చీపురు_గది:
అంతా పోదు బ్రో. నీలం, ఎరుపు తలుపుల దగ్గర ఎరుపులోకి వెళ్లమంటాడు. నీలంలోకి వెళ్తే వెనక్కి తెచ్చి మళ్లీ అడుగుతాడు. పట్టుబట్టి నీలమే ఎంచుకుంటే, సరే నీకు వేరే గేమ్ కావాలేమో అని కార్డ్‌బోర్డ్ పాప మంటల్లోకి పాకకుండా బటన్ నొక్కుతూ ఉండే ఆట ఇస్తాడు, అదీ నాలుగు గంటలు! మొండితనానికి మొండితనమే జవాబు. డెలైలాతో ఏర్పడేది స్నేహమైతే ఇక్కడ ఏర్పడేది పంతం, అదీ బంధమే. ఇంకో మాట: చెప్పినట్టల్లా విని ఆఫ్ నొక్కితే స్టాన్లీకి స్వేచ్ఛ వస్తుంది. పచ్చిక కనబడగానే కంట్రోల్స్ మన చేతిలోంచి పోతాయి. ఛాయిస్ ఉత్తుత్తిదని మీరంటున్నారు, ఆ ముగింపు కూడా అదే అంటోంది.

రెండు_గంటలు:
కొనేవాళ్లకు పనికొచ్చేది చెప్తాను. గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ షాపు స్టీమ్‌లో రిఫండ్ కావాలంటే కొన్న 14 రోజుల్లోపు, ఆడింది 2 గంటలలోపు ఉండాలి. ఈ తరహా నచ్చుతుందో లేదో తేలడానికి ఆ టైమ్ సరిపోతుంది. ముందు ఉచితంగా చూడాలంటే ప్యూ స్టూడియో క్రోస్ క్రోస్ క్రోస్ 2015లో ఇచ్చిన డాక్టర్ లాంగెస్కోవ్ గేమ్ ఆడండి, 20 నిమిషాల పని. నచ్చితే నేరుగా స్టాన్లీ పారబుల్ 2022 నాటి కొత్త వెర్షన్ అల్ట్రా డీలక్స్ తీసుకోండి, పాత ముగింపులు అందులోనే ఉన్నాయి. మొదటి రన్‌లో వ్యాఖ్యాత చెప్పిన ప్రతిదీ వినండి, బాస్ గదిలో 2845 కోడ్‌తో సహా. అతని కథ మొత్తం తెలిశాకే ఎదిరించడంలో మజా. ముగింపుల చార్టు ముందే తెరవొద్దు. ఇంగ్లీషు వినడం ఇబ్బంది కాకపోతే సబ్‌టైటిల్స్ ఆపేయండి, గొంతు అక్కడికి రాకముందే కళ్లు వాక్యం చివరికి వెళ్లిపోయి జోకు చప్పబడుతుంది.

కుడి_తలుపు:
పచ్చిక సీన్ గురించి చీపురు_గది చెప్పింది ఒప్పుకుంటాను. బటన్ల గది విషయంలో మాత్రం నా మాట అదే. పనిచేసే బటన్ ఒక్కటి, ఎంత కష్టమైన చోటైనా సరే, పెట్టి ఉంటే వెతుకులాటకు విలువుండేది.

ట్రిగర్_బాక్స్:
అది పెడితే మర్నాటికల్లా దాని చోటు అందరికీ తెలిసిపోతుంది, టైమర్ కాస్తా మామూలు పజిల్ అవుతుంది. వ్యాఖ్యాత చెప్పేది అబద్ధమూ అవుతుంది. నేనైతే పెట్టను.