లండన్ కాలింగ్: తొలి ప్రెస్సింగ్‌ను గుర్తించడం ఎలా?

ది క్లాష్ అనే పంక్ రాక్ బృందం 1979 డిసెంబరులో బ్రిటన్‌లో విడుదల చేసిన 'లండన్ కాలింగ్' జంట ఎల్‌పీ (రెండు వినైల్ రికార్డుల ఆల్బమ్) పాత ప్రతి ఒకటి అమ్మకానికి వచ్చింది. అది తొలి ప్రెస్సింగేనని, అంటే మొదటి విడతలో తయారైన ప్రతేనని, అమ్మే ఆయన గట్టిగా చెబుతున్నారు. ఈ ఆల్బమ్ అంటే నాకు ప్రాణం కాబట్టి, తెలిసినవారిని అడిగాకే కొనాలనుకుంటున్నాను. బృంద సభ్యుడు పాల్ సిమనన్ బేస్ గిటార్‌ను నేలకేసి కొడుతుండగా పెన్నీ స్మిత్ తీసిన అట్ట మీది ఫొటో అంచుల్లో నలిగినా, గులాబీ, ఆకుపచ్చ అక్షరాలు వెలిసిపోలేదు. ఆఖరి క్షణంలో చేర్చిన 'ట్రెయిన్ ఇన్ వెయిన్' పాట పేరు తొలి ప్రతుల అట్ట మీద ఉండదు. ఇందులోనూ లేదు, కానీ నాలుగో వైపు లేబుల్‌ను ఆనుకొని ఉన్న నున్నటి భాగంలో ఆ పేరు గీసి ఉంది. ఈ ఆనవాళ్లు చాలునా, లేక తరువాతి ప్రెస్సింగుల్లోనూ ఇవే కనిపిస్తాయా? ఆ గీతల పక్కనున్న అంకెలను ఎలా చదవాలో, పాటల సాహిత్యం అచ్చువేసిన లోపలి కవర్లలో ఏం గమనించాలో, దీన్ని విడుదల చేసిన సీబీఎస్ సంస్థ ప్రతులను చేత్తో పట్టి చూసినవారు దయచేసి తెలుపగలరు.