బౌలర్ చేయి భుజం దాటి పైకి లేవడానికి అన్నేళ్లు ఎందుకు పట్టింది?

ప్రశ్న – పాతస్కోరుబుక్

సభ్యులందరికీ నమస్కారం.

క్రికెట్ చరిత్ర చదివేటప్పుడల్లా నాకొక సందేహం మిగిలిపోతోంది. 1744లో అక్షరబద్ధమైన తొలి నిబంధనలలోనే పిచ్ పొడవు 22 గజాలని, బంతి బరువు 5 నుంచి 6 ఔన్సుల మధ్య ఉండాలని నిర్ణయించారు. పిచ్ పొడవు ఈనాటికీ అంతే ఉంది, బంతి బరువు కూడా ఆ హద్దులు దాటి పోలేదు. అయితే బౌలింగ్ అనగానే మన కళ్ల ముందు మెదిలే దృశ్యం, అంటే పరుగెత్తుకుంటూ వచ్చి చేతిని తల మీదుగా తిప్పి బంతిని వేయడం, 1864 దాకా నిబంధనల దృష్టిలో తప్పుగానే ఉండిపోయింది. కొలతలన్నీ అంత త్వరగా కుదిరిన ఆటలో ఈ ఒక్క విషయానికి 120 ఏళ్లు ఎందుకు పట్టింది? బౌలర్లే నిబంధనను ధిక్కరించి మార్పించారా, లేక పెద్దలు ఆలోచించి మార్చారా?

దీనితో ముడిపడిన మరో చిన్న సందేహం కూడా ఉంది. జాన్ విల్స్ అనే ఇంగ్లండ్‌లోని కెంట్ కౌంటీ ఆటగాడికి అతని సోదరి బంతులు వేసేదని, ఆమె వెడల్పాటి గౌను అడ్డురావడంతో చేతిని పక్కకు చాపి వేయవలసి వచ్చిందని, రౌండ్‌ఆర్మ్ బౌలింగ్ అలా పుట్టిందని చాలాచోట్ల చదివాను. ఇందులో నిజమెంతో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు 1 – నాలుగుబంతులఓవర్

ముందుగా గౌను కథ సంగతి చూద్దాం. చెప్పుకోవడానికి అందంగా ఉంటుంది గాని నమ్మడం కష్టం. చేతిని పక్కకు చాపి బంతి వేసే పద్ధతిని హ్యాంబుల్డన్ క్లబ్బుకు చెందిన టామ్ వాకర్ 1780లలోనే ప్రయత్నించాడు. అది విసరడమే అవుతుందని సొంత క్లబ్బు పెద్దలే ఆక్షేపించడంతో అతను మానుకోవలసి వచ్చింది. పైగా విల్స్ కాలానికి, అంటే పందొమ్మిదో శతాబ్దం మొదట్లో, కమ్ములతో ఉబ్బెత్తుగా నిలిచే గౌన్లు రోజువారీ వాడుకలో లేవు. ఆమె తమ్ముడికో అన్నకో బంతులు వేసి ఉండవచ్చు గాని, ఆ పద్ధతికి పుట్టుక అక్కడ కాదు.

ఇక అసలు ప్రశ్న. 1744 నిబంధనలలో చేతి ఎత్తు గురించి ఒక్క మాట కూడా లేదు. అండర్‌ఆర్మ్, అంటే చేతిని కిందినుంచే ఊపి బంతి వేయడం తప్ప మరో పద్ధతి ఉండగలదని రాసినవారికి తట్టకపోవడమే దానికి కారణమని నా అభిప్రాయం. ఇంగ్లిష్‌లో బౌల్ అనే మాటకు మూలార్థమే బంతిని దొర్లించడం. మనం తెలుగులో మొదటినుంచీ బంతి ‘వేయడం’ అనే అంటున్నాం కనుక ఆ దొర్లింపు మనకు గుర్తుకు రాదు. వాకర్ లాంటివారు మళ్లీ మళ్లీ తలెత్తడంతో, చేయి మోచేతి కంటే కిందనే ఉండాలన్న నిషేధాన్ని, లార్డ్స్ మైదానం కేంద్రంగా ఆట నిబంధనలు చూసుకునే క్లబ్బు ఎంసీసీ 1816లో నిబంధనగా రాయవలసి వచ్చింది. నిషేధాన్ని రాయవలసి వచ్చిందంటేనే అప్పటికే చాలామంది ఆ పని చేస్తున్నారని అర్థం.

1822 జూలైలో లార్డ్స్ మైదానంలో ఎంసీసీపై కెంట్ తరఫున విల్స్ బౌలింగ్ ప్రారంభించాడు. అంపైర్ నోబాల్ ప్రకటించాడు. విల్స్ బంతిని నేలకేసి కొట్టి, గుర్రమెక్కి, మైదానంతోపాటు పెద్ద క్రికెట్‌కు కూడా వీడ్కోలు చెప్పి వెళ్లిపోయాడని చెబుతారు. అయితే అతను వదిలిన పనిని ససెక్స్ కౌంటీ బౌలర్లు విలియం లిల్లీవైట్, జేమ్స్ బ్రాడ్‌బ్రిడ్జ్ అందుకున్నారు. వాదన ఎంతకూ తెగకపోవడంతో 1827లో ఇంగ్లండ్, ససెక్స్ జట్ల మధ్య మూడు పరీక్షా మ్యాచ్‌లు ఏర్పాటు చేశారు. మొదటి రెండింటిలోనూ ససెక్స్ గెలిచింది. అప్పుడు ఇంగ్లండ్ ఆటగాళ్లు తొమ్మిదిమంది, ససెక్స్ బౌలర్లు విసరడం మానితే తప్ప మూడో మ్యాచ్ ఆడబోమని సంతకాలు చేసి మరీ ప్రకటించి, కొద్దిరోజులకే ఆ మాట వెనక్కి తీసుకున్నారు. ఆ మూడో మ్యాచ్‌లో ఇంగ్లండ్ గెలిచింది, కాని వారి వైపున కూడా జార్జ్ నైట్ రౌండ్‌ఆర్మ్ వేశాడు. రౌండ్‌ఆర్మ్‌ను అనుమతించాలని పత్రికలకు లేఖలు రాస్తూ వచ్చినవాడు ఈ నైట్‌యే.

మరుసటి ఏడాది, 1828లో, చేతిని మోచేతి ఎత్తు వరకు అనుమతించారు. 1835లో భుజం ఎత్తు వరకు అనుమతించారు. నా దృష్టిలో ఈ రెండూ సంస్కరణలు కావు, లొంగుబాట్లు. మైదానంలో అంపైర్లు అప్పటికే చూసీ చూడనట్లు వదిలేస్తున్న దానికి లార్డ్స్‌లో ముద్ర వేశారు, అంతే.

అసలు నాటకం 1862 ఆగస్టులో ఓవల్ మైదానంలో జరిగింది. ఇంగ్లండ్ 503 పరుగులు చేసిన తర్వాత సర్రే బ్యాటింగ్‌కు దిగింది. కెంట్‌కు చెందిన ఎడమచేతి బౌలర్ ఎడ్గర్ విల్షర్ వరుసగా వేసిన ఆరు బంతులనూ చేయి భుజం దాటిందంటూ అంపైర్ నోబాల్‌గా ప్రకటించాడు. విల్షర్ మైదానం విడిచి వెళ్లిపోగా, ఇంగ్లండ్ జట్టులోని మిగిలిన వృత్తి ఆటగాళ్లందరూ అతని వెంట నడిచారు. మైదానంలో మిగిలినవారు ఇద్దరు అమెచ్యూర్లు, అంటే డబ్బు తీసుకోకుండా ఆడేవారు, మాత్రమే. ఆనాటి ఆట అంతటితో ముగిసింది. మరునాడు ఆ అంపైర్ స్థానంలో మరొకరు నిలబడ్డాక విల్షర్ అదే పద్ధతిలో బంతులు వేశాడు. ఇంతకూ నోబాల్ ప్రకటించిన అంపైర్ ఎవరంటే జాన్ లిల్లీవైట్, రౌండ్‌ఆర్మ్ కోసం ముప్పై అయిదేళ్ల క్రితం పోరాడిన విలియం లిల్లీవైట్ కుమారుడు. తండ్రి ఒకప్పుడు ఏ నిబంధనను చెరిపేశాడో, దాని తర్వాతి రూపాన్ని కుమారుడు కాపలా కాశాడు. రెండేళ్లు తిరగకుండానే, 1864 జూన్‌లో, చేతి ఎత్తుపై ఉన్న హద్దును పూర్తిగా ఎత్తివేశారు.

కనుక మీ ప్రశ్నకు నా జవాబు స్పష్టమే. మార్పు తెచ్చినవారు బౌలర్లు. పెద్దలు చేసిందల్లా ఆలస్యంగా ఒప్పుకోవడమే.

జవాబు 2 – పచ్చికబయలు

పైన చెప్పిన సంఘటనలతో నాకు పేచీ లేదు, ముగింపుతోనే ఉంది. పెద్దల ప్రతిఘటన అంతా ఛాందసమన్నట్టు రాశారు, కాని బ్యాట్స్‌మన్ వైపు నుంచి కూడా ఒకసారి చూడాలి. ఆనాటి పిచ్‌లు ఎలా ఉండేవో ఊహించండి. లార్డ్స్‌లో గడ్డి పెరగకుండా గొర్రెలను మేపేవారు. చిన్న చిన్న రాళ్లు పైకి తేలిన నేల మీద, అండర్‌ఆర్మ్ బంతిని తట్టుకోవడమే ఒక విద్య. అటువంటి నేల మీద భుజం ఎత్తునుంచి వేగంగా వచ్చి పడిన బంతి ఎటు లేస్తుందో వేసినవాడికే తెలియదు.

1836లో లెస్టర్‌లో జరిగిన ఉత్తర, దక్షిణ జట్ల మ్యాచ్‌లో ఆల్ఫ్రెడ్ మిన్ అనుభవించింది ఇదే. అతను భారీకాయుడు, తానూ రౌండ్‌ఆర్మ్ వేగంగా వేసేవాడు. ప్యాడ్లు లేకుండా, అప్పటికే గాయపడిన కాలితో, శామ్యూల్ రెడ్‌గేట్ బౌలింగ్‌ను ఎదుర్కొని 125 పరుగులతో అజేయంగా నిలిచాడు. ఆట ముగిశాక కాలు ఎంతగా వాచిందంటే, మడవడానికి వీలుకాక బండిలోపల కూర్చోలేకపోయాడు. గుర్రపు బండి పైకప్పు మీద పడుకోబెట్టి లండన్ చేర్చారు. కాలు తీసేయాలేమోనని వైద్యులు ఆలోచించే దాకా వచ్చింది. ప్యాడ్లు, చేతి తొడుగులు రౌండ్‌ఆర్మ్ తర్వాతి దశాబ్దాలలోనే వాడుకలోకి రావడం కాకతాళీయం కాదు.

ఓవర్‌ఆర్మ్‌కు, అంటే చేతిని భుజం దాటి పైకి లేపి వేయడానికి, అనుమతి ఇచ్చిన ఆరేళ్లకు, 1870 జూన్‌లో, అదే లార్డ్స్‌లో ఎంసీసీ, నాటింగ్‌హమ్‌షైర్ జట్లు ఆడుతుండగా జాన్ ప్లాట్స్ వేసిన బంతి ఎగిరి జార్జ్ సమ్మర్స్ తలకు తగిలింది. కొన్ని రోజులకే అతను మరణించాడు. అతని తర్వాత బ్యాటింగ్‌కు వచ్చిన రిచర్డ్ డాఫ్ట్ తలకు తువ్వాలు చుట్టుకుని క్రీజులో నిలబడ్డాడు. పిచ్ మీద అంతకంటే ఘాటైన వ్యాఖ్యానాన్ని ఎవరూ చేయలేరు. చేయి పైకి లేవడం ఒక్కటే చాలదు, నేల కూడా దానికి సిద్ధం కావాలి. బరువైన రోలర్లు, గడ్డి కోసే యంత్రాలు పిచ్‌ను చదును చేశాకే ఓవర్‌ఆర్మ్ ఒక కళగా ఎదిగింది.

ప్రతిసారీ బౌలర్లే ముందుండి నడిపారనడం కూడా సరికాదు. బ్యాటు విషయం చూడండి. మొదట్లో బ్యాటు హాకీ కర్రలా అడుగున వంపు తిరిగి ఉండేది, ఎందుకంటే బంతి నేలనంటుకుని దొర్లుకుంటూ వచ్చేది. 1760ల ప్రాంతంలో బౌలర్లు బంతిని గాలిలోకి వదిలి, బ్యాట్స్‌మన్ ముందు టప్పా పడేలా వేయడం మొదలుపెట్టారు. అప్పుడు వంపు బ్యాటు పనికిరాక నిటారు బ్యాటు వచ్చింది. ఇంతవరకు బౌలర్లదే చొరవ. కాని 1771లో థామస్ వైట్ అనే ఆటగాడు వికెట్టు మొత్తాన్ని కప్పేసేంత వెడల్పు బ్యాటుతో మైదానంలోకి దిగాడు. ప్రత్యర్థులైన హ్యాంబుల్డన్ ఆటగాళ్లు వెంటనే రాతపూర్వకంగా అభ్యంతరం తెలిపారు. బ్యాటు వెడల్పు నాలుగుంపావు అంగుళాలు మించరాదన్న నిబంధన అలా వచ్చింది, ఇన్నేళ్లలో అది చెక్కుచెదరలేదు. అక్కడ నిబంధన వెనకబడలేదు, వెంటనే పట్టుకుంది.

మూడో స్టంపు కూడా ఒక అన్యాయాన్ని కళ్లారా చూసిన తర్వాతే వచ్చింది. 1775లో లండన్‌లోని ఆర్టిలరీ గ్రౌండ్‌లో, జట్టుకు అయిదుగురు చొప్పున ఆడిన మ్యాచ్‌లో, ‘లంపీ’ స్టీవెన్స్ వేసిన బంతి మూడుసార్లు జాన్ స్మాల్ రెండు స్టంపుల మధ్యనుంచి దూరిపోయింది. బెయిల్ కదలలేదు కనుక స్మాల్ అవుట్ కాలేదు, హ్యాంబుల్డన్ జట్టును గెలిపించాడు కూడా.

పాతస్కోరుబుక్

ఇద్దరికీ కృతజ్ఞతలు. తండ్రీకొడుకుల లిల్లీవైట్ సంగతి నాకు ఇప్పటిదాకా తెలియదు. ఒక్క విషయం మిగిలింది. 1864 తర్వాత అండర్‌ఆర్మ్ ఏమైంది? 1981లో ఆస్ట్రేలియా బౌలర్ ట్రెవర్ చాపెల్ బంతిని నేల మీద దొర్లించినప్పుడు అది నిబంధనలకు లోబడే ఉందని అంటారు. అంటే అంతవరకూ దాన్ని ఎవరూ నిషేధించలేదా?

జవాబు 3 – లాబ్‌బౌలర్

నిషేధించలేదు. 1864లో జరిగింది ఓవర్‌ఆర్మ్‌కు తలుపు తెరవడమే, అండర్‌ఆర్మ్‌కు మూయడం కాదు. ఎలా వేయాలో బౌలరే ఎంచుకోవచ్చు. అందుకే అండర్‌ఆర్మ్ బౌలర్లు మరో అర్ధ శతాబ్దం పాటు అక్కడక్కడా మిగిలారు. 1909–10లో దక్షిణాఫ్రికాలో ఇంగ్లండ్ ఆడిన అయిదు టెస్టుల సిరీస్‌లో జార్జ్ సింప్సన్-హేవార్డ్ అండర్‌ఆర్మ్ బంతులతోనే 23 వికెట్లు తీశాడు. అవి మ్యాటింగ్ పిచ్‌లు, అంటే నేల మీద చాప పరిచినవి, అతని బంతి వాటి మీద పదునుగా తిరిగేది. నాకు ఈ ఆటలో అత్యంత ఇష్టమైన గణాంకం ఇదే. పాతపద్ధతి చచ్చిపోయిందని అందరూ అనుకున్నాక వచ్చిన వికెట్లు అవి.

అందువల్ల 1981 ఫిబ్రవరి 1న మెల్‌బోర్న్‌లో జరిగినదాన్ని ఆ పాత కళతో కలిపి చూడకూడదు. మ్యాచ్‌ను సమం చేయడానికి న్యూజిలాండ్‌కు చివరి బంతికి 6 పరుగులు కావాలి. సిక్సర్ కొట్టే అవకాశమే లేకుండా చేయాలని కెప్టెన్ గ్రెగ్ చాపెల్ తన తమ్ముడు ట్రెవర్‌ను అండర్‌ఆర్మ్ వేయమన్నాడు. ట్రెవర్ బంతిని నేల మీద దొర్లించాడు. బ్రయాన్ మెకెక్‌నీ దాన్ని అడ్డుకుని, కోపంతో బ్యాటు విసిరేశాడు. సింప్సన్-హేవార్డ్ వికెట్టు తీయడానికి అండర్‌ఆర్మ్ వేశాడు, ఇక్కడ ఆట జరగకుండా ఆపడానికి వేశారు. ఆ తర్వాతే వన్డేలలో అండర్‌ఆర్మ్‌ను నిషేధించారు. ప్రస్తుత నిబంధనల ప్రకారం మ్యాచ్‌కు ముందే ప్రత్యేకంగా ఒప్పందం చేసుకుంటే తప్ప అండర్‌ఆర్మ్ బంతి నోబాల్. విల్స్ చేయి ఎత్తినందుకు ఏ సైగ చూశాడో, ఇప్పుడు చేయి ఎత్తని బౌలర్‌కు అదే సైగ ఎదురవుతుంది.

పైన జరిగిన వాదనకు నేనొకటి చేర్చదలిచాను. చేయి ఎంత ఎత్తు లేచిందన్నది ఎప్పుడూ పైపై ప్రశ్నే, దాని కింద ఉన్న అసలు ప్రశ్న బంతిని వేశాడా, విసిరాడా అన్నదే. టామ్ వాకర్‌ను ఆపినప్పుడు పెద్దలు అన్నమాట అదే, 1827లో తొమ్మిదిమంది సంతకాలు చేసిన అభ్యంతరమూ అదే. 1864లో భుజం మీద కాపలా తీసేశాక, ఆ అనుమానం మోచేతి మీదికి మళ్లింది. 1995 డిసెంబర్ 26న మెల్‌బోర్న్‌లో అంపైర్ డారెల్ హెయిర్ శ్రీలంక బౌలర్ ముత్తయ్య మురళీధరన్ బంతులను ఏడుసార్లు నోబాల్‌గా ప్రకటించినప్పుడు ఆక్షేపణ మోచేతి గురించే. ఆ తర్వాత హైస్పీడ్ కెమెరాలతో కొలిచి చూస్తే, ఎటువంటి మచ్చాలేదనుకున్న బౌలర్ల మోచేతులు కూడా బంతి వదిలే క్షణంలో కొంత నిటారు అవుతున్నాయని తేలింది. కంటికి కనిపించనిదాన్ని కంటితో తీర్పు చెప్పమనడం అంపైర్‌కు కూడా న్యాయం కాదు కనుక, 2005లో ఐసీసీ 15 డిగ్రీల వరకు అనుమతించింది.

1862 నాటి అంపైర్ చేతిలో కొలబద్ద లేదు. భుజం ఎత్తు ఎక్కడ ముగుస్తుందో ఇరవై గజాల దూరంలోనో, పక్కనే నిలబడో, రెప్పపాటులో తేల్చవలసి వచ్చేది. జాన్ లిల్లీవైట్‌ను తండ్రి వారసత్వానికి ద్రోహం చేసినవాడిగా చూపడం నాకు అందుకే అంత నచ్చలేదు. నిబంధన పుస్తకంలో ఉన్నంతకాలం దాన్ని అమలు చేయడమే అతని పని. ఆ పని చేసినందుకు మరునాడు అతని చోట మరొకరు నిలబడ్డారు.

నాలుగుబంతులఓవర్

ఆ చివరి మాట ఒప్పుకుంటున్నాను. జాన్ లిల్లీవైట్ గురించి నేను రాసిన వాక్యంలో వ్యంగ్యం పాలు కాస్త ఎక్కువైంది. పచ్చికబయలు గారు చెప్పిన సమ్మర్స్ మరణాన్ని నేను కావాలని వదలలేదు గాని, దాన్ని 1864 పక్కన పెట్టి చూడాలని మాత్రం తట్టలేదు. పెద్దలు జంకడంలో ఛాందసం ఎంత ఉందో, గొర్రెలు మేసిన ఆ నేల పాత్రా అంతే ఉందేమో.