సమస్యాపూరణం: మంటలోన మంచు మల్లె పూచె

నిర్వాహకుడు: ఆటవెలది నాలుగో పాదం ఇచ్చాను. వస్తువు అరకావా టొయోజో (1894–1985). చిత్రకారుడు కావాలనుకుని మట్టిపనిలోకి వచ్చిన జపానువాడు. షినో అనే తెల్లపూత మట్టిపాత్రలు సెటో ఊళ్లో చేసినవని అందరూ నమ్ముతున్న రోజుల్లో, 1930లో మినో ప్రాంతంలోని ముతబోరా పాత బట్టీ దగ్గర వెదురుమొలక బొమ్మ ఉన్న షినో పెంకు ఆయనకు దొరికింది. ఆ పక్కనే బట్టీ కట్టుకుని ఆ పనితనాన్ని మళ్లీ సాధించాడు. షినోకూ, సెటో నల్లపాత్రలకూ 1955లో ‘సజీవ జాతీయ సంపద’ గౌరవం పొందాడు. సీతమ్మ అగ్నిప్రవేశం ఈసారికి వద్దు!

మొదటి పూరణ:

కుంచె పక్కఁ బెట్టి కొండవాలున నిల్చి
తెల్లపెంకు నేరి తెలిసికొనెను
నాటి మట్టిగుట్టు, నాల్గువందల యేండ్ల
మంటలోన మంచు మల్లె పూచె

పరిశీలకుడు: ధార బాగుంది. లెక్కే కుదరలేదు. షినో వెలిగింది 16వ శతాబ్ది చివర, ఆగింది 17వ శతాబ్ది తొలినాళ్లలో. 1930కి నాలుగు వందలు ఎక్కడివి? పైగా మంట అన్నేళ్లూ మండలేదు, ఆరిపోయింది. కథంతా అక్కడే ఉంది కదా.

మొదటి పూరణ రాసిన సభ్యురాలు: నిజమే గురువుగారూ. మూడో పాదం ఇలా మార్చాను:

మూసియున్న గుట్టు, మూడునూఱేండ్లకు

పరిశీలకుడు: ఇప్పుడు ‘పూచె’కు బలం వచ్చిందమ్మా.

రెండో పూరణ:

నల్లగిన్నె నెఱ్ఱ నిప్పులోఁ గాలంగ
పట్టుకారు తోడ బయటి కీడ్చె;
చలువ తగిలినంత చక్కని నిగ్గుతో
మంటలోన మంచు మల్లె పూచె

పరిశీలకుడు: మొదటి పాదంలో యతిభంగం. న–ని కుదరదు. ‘నల్లగిన్నె నపుడు నడిమంటలోనుండి’ అంటే సరిపోతుంది. సెటో నల్లపాత్రను కణకణలాడుతుండగానే బయటికి లాగి చల్లారుస్తారు, ఆ నలుపు దాని వల్లే. విషయం పట్టుకున్నారు. కానీ నల్లగిన్నెకు మల్లె ఎలా పూస్తుందండీ? పైగా పాత్ర బయటికొచ్చాక ‘మంటలోన’ ఏమిటి?

రెండో సభ్యుడు: తెలుపు షినోది, నలుపు సెటోది. రెండూ ఆయనవే కదా అని కలిపేశాను.

పరిశీలకుడు: ఒక పద్యంలో ఒక గిన్నె చాలు.

మూడో పూరణ:

వెదురు మొలక గీసె విడువని కుంచెతో
నినుపరంగు మీఁద నిడిన తెల్ల
పూఁత చాటు నుండి పొడమె నెఱ్ఱని రేఖ
మంటలోన మంచు మల్లె పూచె

పరిశీలకుడు: ఈసారి నా ఓటు దీనికే. మొదటి పూరణలో కుంచెను పక్కన పెట్టించారు, ఇక్కడ విడవనివ్వలేదు. షినో పని తీరూ ఇదే: ముందు ఇనుపరంగుతో బొమ్మ, పైన ఫెల్డ్‌స్పార్ అనే రాతిపొడితో తెల్లపూత, ఆ పూత మాటున ఎర్రగానో గోధుమరంగులోనో గీత. రెండో పాదం చివర ‘తెల్ల’ విరిగి కిందికి జారడం కొందరికి నచ్చదు. నాకు అభ్యంతరం లేదు.