ఆకుపచ్చ గోడ ముందు తీసిన ఫొటో: బ్యాక్‌గ్రౌండ్ మారిస్తే జుట్టు చుట్టూ పచ్చ అంచు పోవట్లేదు

గట్టుమీద_గూడు:
గింప్ 2.10 (ఫొటోలు దిద్దే ఉచిత సాఫ్ట్‌వేర్) వాడుతున్నాను. లేతాకుపచ్చ గోడ ముందు తీసిన ఫొటో, అమ్మాయి లంగావోణీలో నిలబడి ఉంది, జడలో మల్లెపూలు. వోణీ ఎర్ర నెట్‌ది, వెనక గోడ కనిపిస్తోంది. వెనకాల రాజమండ్రి పుష్కర్ ఘాట్ సాయంత్రం ఫొటో పెట్టాను. జుట్టు చుట్టూ పచ్చగా గీత, మొత్తానికి కత్తిరించి అతికించినట్టే ఉంది. 12×18 అంగుళాల ప్రింట్ తీయించాలి. ఎక్కడ తప్పుతోంది?

పిక్సెల్_పంతులు:
ఫజీ సెలెక్ట్‌తో (ఒకే రంగున్న చోటుని పట్టే టూల్) గోడని పట్టి డిలీట్ కొట్టినట్టున్నారు. జుట్టుకి అది పనికిరాదండీ. ముందు లేయర్‌కి ఆల్ఫా చానల్ (పారదర్శకత) కలపండి. ఫోర్‌గ్రౌండ్ సెలెక్ట్ టూల్‌తో మనిషి చుట్టూ వదులుగా గీసి ఎంటర్ నొక్కండి. ముఖం, జాకెట్టు, లంగా మీద డ్రా ఫోర్‌గ్రౌండ్‌తో రుద్దండి. జుట్టు అంచులు, పూల చుట్టూ మాత్రం డ్రా అన్‌నోన్ వాడండి. ఇంజన్ మ్యాటింగ్ లెవిన్ పెట్టండి, నిదానంగా నడుస్తుంది గానీ వెంట్రుకల్ని బాగా పడుతుంది. ప్రివ్యూ చూసుకుని ఎంటర్. ఆ తర్వాత డిలీట్ వద్దు, యాడ్ లేయర్ మాస్క్‌లో సెలెక్షన్ ఎంచుకోండి. మాస్క్‌లో తెలుపున్న చోట ఫొటో కనిపిస్తుంది, నలుపున్న చోట దాగుతుంది, బూడిద రంగైతే సగం కనిపిస్తుంది. పొరపాటైతే తెల్ల బ్రష్‌తో వెనక్కి తెచ్చుకోవచ్చు.

రంగులరాట్నం77:
దీనికి ఇంత ఎందుకు, 5 పిక్సెళ్ల ఫెదర్ (అంచుని మెత్తబరచడం) ఇస్తే గీత కలిసిపోతుంది కదా?

పిక్సెల్_పంతులు:
పోదండీ, ఇంకా వెడల్పవుతుంది. అంచు పిక్సెల్‌లో వెంట్రుక రంగు కొంత, గోడ రంగు కొంత కలిసి ఉంటాయి. ఫెదర్ ఇస్తే ఆ పచ్చనే పలచగా బయటికి పరిచినట్టు. మార్చాల్సింది రంగు. మాస్క్ కాకుండా ఫొటో థంబ్‌నెయిల్ మీద క్లిక్ చేసి, పెయింట్‌బ్రష్ మోడ్ ఎల్‌సీహెచ్ కలర్ పెట్టండి. కంట్రోల్ పట్టుకుని అంచుకి కాస్త లోపలి జుట్టు మీద నొక్కితే ఆ రంగు వస్తుంది, దాంతో అంచంతా రాయండి. ఈ మోడ్ వెలుతురుని ముట్టుకోదు, పచ్చ ఒక్కటే పోతుంది. ఇంకా తెల్లగా కనిపించే చోట నల్లబరిచే బర్న్ టూల్ తేలిగ్గా వాడండి. మల్లెపూలకి మాత్రం పువ్వు మధ్యలోని తెలుపు తీసుకోండి, జుట్టు రంగు తగిలితే వాడిన పూలలా కనిపిస్తాయి.

ఫొటోషాప్ ఉన్నవాళ్లకి ఇదే పని సెలెక్ట్ అండ్ మాస్క్‌లో డీకంటామినేట్ కలర్స్ చేసిపెడుతుంది. అది పిక్సెళ్లనే మార్చేస్తుంది కాబట్టి అవుట్‌పుట్ న్యూ లేయర్ విత్ లేయర్ మాస్క్‌కే పెట్టండి.

నెట్టు_నేత:
వోణీ సంగతి ఎవరూ చెప్పలేదు. మాస్క్‌ని అక్కడ బూడిద రంగు చేసినా నెట్ కన్నాల్లోంచి పచ్చ గోడే కనిపిస్తుంది. వోణీ వేలాడే భాగాన్ని, అంటే వెనక ఒళ్లు లేకుండా గోడ మాత్రమే ఉన్న భాగాన్ని, వేరే లేయర్‌లోకి కాపీ చేయండి. మనిషి లేయర్ మాస్క్‌లో ఆ భాగాన్ని నల్లగా చేయండి. కాపీ మీద లెవల్స్ తెరిచి, ఆల్ చానల్స్ తెల్ల ఐడ్రాపర్‌తో గోడ మీద నొక్కితే గోడ తెల్లబడుతుంది. ఇప్పుడు లేయర్ మోడ్ మల్టిప్లై. తెలుపు మాయమై ఎర్ర దారం మిగులుతుంది. ఒక్క షరతు: వెనక బొమ్మ ఆ చోట వెలుతురుగా ఉండాలి. చీకటి నీళ్ల మీద మల్టిప్లై వేస్తే వోణీ కనపడదు.

గోదారి_ఫ్రేమ్:
అంచు ఎంత శుభ్రం చేసినా మీ ఫొటో అతికించినట్టే ఉంటుంది, బ్యాక్‌గ్రౌండ్ ఎంపికే తప్పు. పుష్కర్ ఘాట్ నుంచి నదికేసి చూస్తే పడమర. సాయంత్రం సూర్యుడు మనిషి వెనక ఉంటాడు, ముఖం నీడలో ఉండాలి. ఇంట్లో తీసిన ఫొటోలో వెలుగు ముందునుంచే పడుతుంది. అదే ఘాట్‌లో మబ్బు పట్టినప్పటి ఫొటో, లేదా పొద్దున తీసింది దొరికితే సగం పని అయిపోయినట్టే.

ఎత్తు కూడా చూడండి. కెమెరా ఛాతీ ఎత్తులో పెట్టి తీస్తే అవతలి ఒడ్డు గీత ఛాతీకి అటూఇటూగా రావాలి. తలకి పైన వస్తే మనిషి గుంటలో నిలబడినట్టుంటుంది. పాదాలు కనిపిస్తే రెండు నీడలు కావాలి: కాళ్ల కిందే సన్నగా, నల్లగా ఒకటి, పక్కకి వెడల్పుగా, పలచగా, బాగా బ్లర్ చేసి ఇంకొకటి. అది కుదరకపోతే మోకాళ్ల దగ్గర కత్తిరించేయడం మేలు. బ్యాక్‌గ్రౌండ్‌ని మసక చేయాలంటే అందులో మనిషి లేనప్పుడే చేయాలి, కలిపాక చేస్తే చుట్టూ కాంతివలయం వస్తుంది.

ప్రింట్‌కి 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) లెక్కన 3600×5400 పిక్సెళ్లు. ఘాట్ ఫొటో వాట్సాప్‌లో మామూలుగా వచ్చి ఉంటే చిన్నదైపోయి ఉంటుంది, డాక్యుమెంట్‌గా మళ్లీ పంపించుకోండి. పని ఫైల్ ఎక్స్‌సీఎఫ్‌లోనే (గింప్ సొంత ఫార్మాట్) దాచండి, జేపెగ్‌లో లేయర్లు మిగలవు.

గట్టుమీద_గూడు:
ఎల్‌సీహెచ్ కలర్‌తో జుట్టు అంచు సరిపోయింది. వోణీ కింది కొస నల్లటి మెట్ల మీద పడి కనపడట్లేదు.

నెట్టు_నేత:
ఆ కొసని మాత్రం లెవల్స్ మార్చని అసలు ఫొటో నుంచి ఇంకో లేయర్‌లోకి కాపీ చేసి, మల్టిప్లై కాకుండా నార్మల్ మోడ్‌లో పెట్టండి. పచ్చ కనిపించే చోట ఎల్‌సీహెచ్ కలర్‌తోనే ఎరుపు రాసి, ఆ లేయర్‌కి మాస్క్ కలిపి సగం బూడిద రంగు చేయండి. కన్నాలు కనపడవు గానీ 12×18లో అంత చిన్న కొసని ఎవరూ పట్టించుకోరు.